ఆల్ఫా సెంటారి క్రీడలో పక్షనాయకుల పాత్రపోషణము

పాత్రపోషణమును గూర్చి మన విమర్శకులు వ్రాసిన వ్యాసములలో అధికభాగము కావ్యనాటకములకును, తరువాతి కాలమున నవలలకును సంబంధించినవి. పాత్ర యనగా కవిచే సృష్టింపబడి, కవి నిర్ణయించిన త్రోవనే నడచి, కవి చెప్పించిన మాటలనే చెప్పు వ్యక్తి యని మనము తలచుచుందుము. ఈ లక్షణము కంప్యూటరు క్రీడలోని పాత్రకు సరిపడదు. అచ్చట పాత్రను నడుపువాడు ఒకప్పుడు క్రీడాకారుడు, ఒకప్పుడు యంత్రము. రచయిత నియమములను మాత్రము ఏర్పరచి, కొన్ని మాటలు వ్రాసి యిచ్చి తాను తప్పుకొనును. ఇట్టిచోట పాత్రపోషణ మసలు సాధ్యమా, సాధ్యమైనచో అది యెందు నిలుచును, అను ప్రశ్నలను 'సిడ్ మయర్స్ ఆల్ఫా సెంటారి' యను వ్యూహక్రీడ నాధారముగ గొని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఈ క్రీడను ఫిరాక్సిస్ సంస్థ నిర్మింపగా ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 1999 ఫిబ్రవరిలో ప్రకటించినది. ప్రధాన రూపకర్త బ్రయన్ రెనాల్డ్స్.

ముందుగా ఒక మాట. 'ఫ్యాక్షను' అను శబ్దమునకు మనవైపు వేరొక రూఢి యేర్పడినది. ఆ మాట వినగనే గ్రామకక్షలు, తరతరముల పగలు మనకు స్ఫురించును. పలనాటి వీరచరిత్రలో బ్రహ్మనాయుడును, నాగమ్మయు నడపిన పక్షములకు మూలము దాయాదుల రాజ్యభాగము. ఈ క్రీడలోని పక్షములకు వంశముతోగాని ఊరితోగాని పనిలేదు. ఒకే యోడలో బయలుదేరినవారు అభిప్రాయభేదముచేత ఏడుగ చీలిరి. కావున 'పక్ష' శబ్దమును తర్కశాస్త్రములోని 'పూర్వపక్షము' అను వాడుకకు దగ్గరగ మేమిచ్చట ప్రయోగించుచున్నాము. ఈ సామ్యము కేవలము శబ్దమునకు సంబంధించినది కాదని మున్ముందు తేలగలదు.

ఈ పాత్రలకు పూర్వచరిత్ర కలదు. 1991లో మైక్రోప్రోజ్ సంస్థ ప్రకటించిన 'సివిలిజేషన్' అను క్రీడలో జాతులకు నాయకులుగ సీజరు, నెపోలియను, చెంఘిజ్ ఖాను మొదలగు చారిత్రకపురుషులు నిలిచిరి. భారతజాతికి నాయకుడు మహాత్మాగాంధి. ఈ నాయకులకు పేరును, ముఖమును, కొన్ని స్వభావాంకములును తప్ప వేరు శరీరము లేదు. క్రీడలో గాంధి సయితము అణ్వస్త్రములతో బెదిరించుట పలువురకు నవ్వు పుట్టించినది. ఆయన కలహస్వభావమును సూచించు అంకె 1 అనియు, ప్రజాప్రభుత్వమును స్వీకరింపగనే దానినుండి 2 తీసివేయబడుటచే, సున్నకు దిగువ అంకెను నిలుపుకొనలేని యంత్రము దానిని 255గా గ్రహించెననియు ఒక కథ పుట్టి లోకమున వ్యాపించినది. ఇది నిజము కాదని, అట్టి దోషమేదియు ఆ క్రీడలో లేదని సిడ్ మయర్ 2020లో వెలువరించిన తన స్మృతిగ్రంథమున స్పష్టముగ చెప్పెను. కథ అబద్ధమైనను అది పుట్టిన కారణము మాత్రము విచారింపదగినది. గాంధి యను పేరు ఒక నడవడిని వాగ్దానము చేయుచున్నది. నియమములు మరియొక నడవడిని చూపుచున్నవి. ఈ రెండింటి పొసగమిని జనులు సహింపలేక దానికొక హేతువును కల్పించుకొనిరి. మాటకును చేతకును నడుమనున్న వైరుధ్యము 1991లో పరిహాసవిషయము మాత్రమే. 1999 నాటికి అదియే పాత్రపోషణసాధన మైనదని మా వాదము.

ఈ మార్పునకు బాహ్యకారణములు లేకపోలేదు. మయర్, రెనాల్డ్స్, జెఫ్ బ్రిగ్స్ అను మువ్వురు 1996లో మైక్రోప్రోజ్‌ను వీడి ఫిరాక్సిస్‌ను స్థాపించిరి. 'సివిలిజేషన్' అను పేరు పాత సంస్థకే మిగిలినది. ఆ క్రీడలో ఆల్ఫా సెంటారి నక్షత్రమునకు వ్యోమనౌకను పంపుట విజయమార్గములలో నొకటి. పేరును తీసికొని పోలేనివారు కథను తీసికొనిపోయిరి: ఆ నౌక చేరినపిమ్మట నేమి జరుగును? ఈ ప్రశ్నతో క్రొత్త క్రీడ ఆరంభమైనది. కథ భవిష్యత్కాలమునకు మారగనే చారిత్రకపురుషుల యవసరము తీరిపోయినది. సీజరను పేరు వినగనే మన మనస్సున నేదో యొక రూపము తోచును. ప్రోఖోర్ జఖారోవ్ అను పేరు వినిన నేమియు తోచదు. చరిత్ర అప్పిచ్చిన వ్యక్తిత్వము పోయినందున రచయితలు దానిని తామే యార్జింపవలసివచ్చెను. రెనాల్డ్స్ క్రీడారంగమునకు వచ్చుటకు ముందు తత్త్వశాస్త్రమును అభ్యసించినవాడు. ఆ చదువుయొక్క జాడ క్రీడలో నడుగడుగున కనిపించును.

కథ స్వల్పమైనది. నశించుచున్న భూమినుండి ఐక్యరాజ్యసమితి పంపిన 'యూనిటీ' యను నౌక 2060లో బయలుదేరి 2100 నాటికి గమ్యమును సమీపించును. అంతలో నౌకాధిపతి జాన్ గార్లండు హత్యకు గురియగును. నౌక పేరు ఐక్యత. చేరినవారు ఏడు పక్షములు. ఇందలి వ్యంగ్యమును విప్పి చెప్పనక్కరలేదు. నౌకలో శస్త్రవైద్యుడుగ నుండిన ప్రవీణ్ లాల్ ఐక్యరాజ్యసమితి యాశయములను నిలుపు శాంతిరక్షకదళమునకు నాయకుడైనాడు. వృక్షశాస్త్రజ్ఞురాలగు స్కాట్లండు వనిత డీడ్రా స్కై ప్రకృతిపక్షమునకును, విజ్ఞానాధికారియగు రష్యను జఖారోవ్ విశ్వవిద్యాలయపక్షమునకును, నౌకాధిపతికి తరువాతివాడైన చీనాదేశీయుడు షెంగ్-జీ యాంగ్ 'మానవ తేనెపట్టు' అను సమష్టిపక్షమునకును, భద్రతాధికారిణి కొరజోన్ శాంటియాగో సైనికపక్షమునకును, క్రైస్తవ మతబోధకురాలు మిరియం గాడ్విన్సన్ విశ్వాసులపక్షమునకును, ఆఫ్రికా ఖండమువాడైన న్వాబుడికే మోర్గాన్ వణిక్పక్షమునకును నాయకులైరి.

ఈ యేడుగురు మనుష్యులు కారనియు, ముఖములు తగిలించిన సిద్ధాంతములు మాత్రమే యనియు ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణలో సగము సత్యము. మిగిలిన సగమును పరీక్షించుటకు మన లాక్షణికులు చెప్పిన అభినయవిభాగము ఉపకరించును. ఆహార్య మనగా ముఖచిత్రము, పక్షవర్ణము. వీనిని గూర్చి చెప్పదగినది కొంచెము. సాత్త్వికమునకు ఈ క్రీడలో చోటులేదు. ఆంగికమునకు బదులుగ నియమములు, వాచికమునకు మూలముగ రచయితలు వ్రాసిన మాటలు, ఈ రెండే మనకు మిగులును. అందు నియమములను ముందు చూతము.

ప్రతి పక్షమునకును కొన్ని లాభములు, కొన్ని నష్టములు కలవు. జఖారోవ్‌కు పరిశోధనలో 2 మెట్లు లాభము. కాని గూఢచారులనుండి రక్షణలో 2 మెట్లు నష్టము. మరియు ప్రతి 4గురు పౌరులకు ఒకడు అధికముగ అసంతుష్టుడగును. మిరియంకు దాడిలో నూటికి 25 వంతుల బలము అధికము. పరిశోధనలో 2 మెట్లు తక్కువ. ఆమె పక్షమున మొదటి పదేండ్లు పరిశోధనయే సాగదు. ఇట్టి యంకెలు స్వభావమును సూచించునే కాని స్వభావమును పోషింపవు. కుస్తీపట్టువానికి బలమును, పరుగుపందెగానికి వేగమును చెప్పినట్లే యిదియు.

అంతకంటె విలువైన నియమము వేరొకటి గలదు. క్రీడలో ప్రతి సమాజమునకు రాజకీయము, ఆర్థికము, ఆదర్శము, భావిసమాజము అను నాలుగు విషయములలో వ్యవస్థను నిర్ణయించుకొను అధికారము కలదు. కాని ప్రతి నాయకునికి ఒక వ్యవస్థ పూర్తిగ నిషిద్ధము. లాల్ పోలీసురాజ్యమును స్థాపింపలేడు. యాంగ్ ప్రజాప్రభుత్వము నొల్లడు. మోర్గాన్‌కు ప్రణాళికాబద్ధమగు ఆర్థికవ్యవస్థ, డీడ్రాకు స్వేచ్ఛావిపణి, జఖారోవ్‌కు మతప్రభుత్వము, శాంటియాగోకు సంపదయే ఆదర్శముగ గల సమాజము నిషిద్ధములు. మిరియంకు జ్ఞానము ఆదర్శముగ గల సమాజమును ఎన్నుకొను వీలులేదు. క్రీడాకారుడెంత సమర్థుడైనను, ఎంత యక్కర కలిగినను ఆ ద్వారము తెరవబడదు. ఇది రచయిత క్రీడాకారుని చేయి పట్టుకొని యాపుట. నాయకుడు చేయగలిగిన పనులనుబట్టి కాక చేయలేని పనినిబట్టి అతనిని నిర్వచించుట ఈ క్రీడయందలి మొదటి విశేషము. హరిశ్చంద్రుని పాత్రకు ప్రాణము అతడాడలేని యబద్ధమే కదా!

దీనికి తోడు, యంత్రముచే నడుపబడు నాయకుడు ఎదుటివానిని మెచ్చుటయు ద్వేషించుటయు చాలవరకు ఆ యెదుటివాడు ఎన్నుకొనిన వ్యవస్థనుబట్టి యుండును. మోర్గాన్ స్వేచ్ఛావిపణిని ప్రేమించును గనుక దానిని వదలినవానితో చెడును. పొరుగువాడు నేలను ఆక్రమించినందుకే కాక, తలచరాని దానిని తలచినందుకును ఇచ్చట యుద్ధము రావచ్చును.

ఇక మాటలు. ఇవి రెండు తెగలుగ నున్నవి. ఈ భేదమును గుర్తింపకపోవుట విమర్శలో పెక్కు పొరపాటులకు కారణమైనది. మొదటి తెగ సంధివిగ్రహ సంభాషణము: నాయకులు ఒకరితో నొకరు బేరమాడునప్పుడు, బెదిరించునప్పుడు పలుకు మాటలు. వీనిని పరిశీలించినచో అందరికిని అచ్చు ఒక్కటే యని తెలియును. క్రీడయొక్క పాఠ్యపత్రములలో ఒకే వాక్యము ఖాళీలతో వ్రాయబడియున్నది. ప్రతి పక్షముయొక్క పత్రమునుండి బిరుదములు, నిందాపదములు, వ్యసనముల పేర్లు తెచ్చి ఆ ఖాళీలు నింపబడును. మిరియం బెదిరించినను, మోర్గాన్ బెదిరించినను వాక్యనిర్మాణము మారదు. మన వీథినాటకములలో రాజెవరైనను ప్రవేశదరువు పోలిక యొకటే యుండుట వంటిది. ఈ తెగను మాత్రమే చూచినవారు నాయకులు సిద్ధాంతములకు తగిలించిన ముఖములే యనిన మేము కాదనలేము.

రెండవ తెగ నాయకుల గ్రంథములు. క్రీడాకారుడు ఒక క్రొత్త విద్యను సాధించినప్పుడు, ఒక కట్టడమును తొలిసారి నిర్మించినప్పుడు, 'రహస్యనిర్మాణము' అను మహాయంత్రమును పూర్తిచేసినప్పుడు, ఒక స్వరము ఏదో యొక గ్రంథమునుండి రెండు మూడు వాక్యములు చదువును. కొన్ని వాక్యములు ప్లేటో, అరిస్టాటిల్, నీషే మున్నగువారివి, కొన్ని బైబిలునందలివి; పెక్కు మాత్రము ఈ యేడుగురు వ్రాసినట్లు కల్పింపబడిన పుస్తకములలోనివి. లాల్‌కు 'ఐక్యరాజ్యసమితి హక్కుల ప్రకటన', జఖారోవ్‌కు 'ఆ ఫలమును నేను రుచిచూచితిని గాన', యాంగ్‌కు 'మనస్సును పదార్థమును గూర్చిన వ్యాసములు', మోర్గాన్‌కు 'లోభనీతి', మిరియంకు 'ధన్యమైన పోరాటము', 'మనము అసమ్మతి తెలుపవలెను' అను పేర్లు గల గ్రంథములు కలవు. (పేర్లు మా యనువాదములు.) ఈ గ్రంథములు ఎక్కడను పూర్తిగ లేవు. ఉన్నవి శకలములే. లుప్తగ్రంథములనుండి లక్షణకారులు ఉదాహరించిన పద్యములను ఏరి కవిస్వరూపమును ఊహించుట తెలుగు పరిశోధకులకు అలవాటైన పనియే; ఈ నాయకులను తెలిసికొనుటకును అదియే మార్గము.

ఇందలి ముఖ్యవిషయ మేమనగా, ఈ శకలములు క్రీడాకారుడు ఏ పక్షమును వహించినను మారవు. ఒక విద్యకు ఏ వాక్యము నియమింపబడినదో అదియే అందరికి వినబడును. అందుచేత, సాధన నీది, వ్యాఖ్యానము శత్రువుది యగుట తరచుగ సంభవించును. జఖారోవ్ పక్షమున ఆడుచున్న క్రీడాకారుడు ఎంతో శ్రమించి మనుష్యశరీరమును ఒకచోటినుండి మరియొక చోటికి ఊడబెరికి పంపగల యంత్రమును నిర్మించును. ఆ క్షణమున మిరియం స్వరము వినవచ్చును: ఆత్మ సంగతి యేమి? దేహముతో పాటు దానిని గూడ ఈ యంత్రము చేరవేయునా? అని ఆమె యడుగును. క్రీడలో ఆమె యాతనికి పరమశత్రువై యుండవచ్చును. ఆమె పట్టణములను అతడప్పటికే నేలమట్టము చేసియు ఉండవచ్చును. అయినను ఆ ప్రశ్న వినక తప్పదు. దానికి క్రీడ సమాధానము చెప్పదు. పూర్వపక్షమును దాని పూర్ణబలముతో నిలిపిన పిమ్మటనే సిద్ధాంతమును చెప్పవలెనను మన శాస్త్రకారుల మర్యాద యిచ్చట, బహుశః రచయితల కెరుకలేకయే, పాటింపబడినది.

మిరియం పాత్రను గూర్చి కొంత విస్తరింపక తప్పదు. ఆడువారిలో పలువురు ఆమెను ఏవగింతురు. యంత్రము ఆమెను నడుపునప్పుడు ఆమె తగవులమారి. పొరుగున నున్నచో ఆరంభముననే దండెత్తును. చదువు లేని పక్షము గనుక కత్తియే దిక్కు. నియమములు చూపు మిరియం ఇంతే: ఛాందసురాలు, మూర్ఖురాలు. కాని గ్రంథములు చూపు మిరియం వేరు. 'ధన్యమైన పోరాటము'లో ఆమె యంత్రమును దూషింపదు. నాడు వీథులలో పాపము పొంచియున్నట్లే నేడు సమాచారజాలములలోను పొంచియున్నదని చెప్పి, వీథులేనాడును దోషులు కావని వెంటనే చేర్చును. మూర్ఖురాలు చెప్పు మాట కాదిది. తరువాతి గ్రంథమునకు వచ్చుసరికి ఆమె కంఠము మారినది. తానే ఆలోచించు నగరమును నిర్మించు 'ఆత్మజ్ఞానముగల స్థావరము' అను రహస్యనిర్మాణము పూర్తియైనప్పుడు చూపబడు దృశ్యములో, ఒక మనుష్యుడు రాత్రివేళ గోడపై అసమ్మతివాక్యమును వ్రాయును. నగరమే వానిని గుర్తించి చంపివేయును. గోడపైని మాట మిరియం గ్రంథముయొక్క పేరే. మనల నేలుటకు మిథ్యాదైవములను మనమే సృష్టింతుమా యను ఆమె ప్రశ్న ఆ దృశ్యముతో కూడి వినబడును.

మొదట పోరాటము, పిదప అసమ్మతి. పోరాడువానికి గెలుపుమీద నమ్మకముండును. అసమ్మతి తెలుపువాడు ఓడినవాడు, అయినను నోరు మూసికొననివాడు. రెండు గ్రంథముల పేళ్లలోనే ఒక జీవితచరిత్ర యిమిడియున్నది. జ్ఞానాదర్శమును నిషేధించు పక్షముయొక్క నాయకురాలే జ్ఞానముయొక్క దుర్వినియోగమును గూర్చి క్రీడ యంతటిలో మిక్కిలి వివేకముగల మాటలు చెప్పుచున్నది. శ్రీరంగనీతులు చెప్పువారిని గూర్చి మనకొక సామెత కలదు. ఆ సామెతతో ఈమెను కొట్టివేయవచ్చునా? చేత చెడ్డదైనంతమాత్రమున మాట యబద్ధము కాదు. జఖారోవ్ గ్రంథమునకు ఆదికాండములోని నిషిద్ధఫలము పేరైనది. మిరియం మతగ్రంథమునందలి ప్రతీకను పట్టుకొని దానిని గర్వముగ ధరించినవాడు ఆమె ప్రత్యర్థి. కృష్ణబిలము తెరవెనుక నేమి జరుగునో మర్యాదస్థులు అంతగా ఆలోచింపరాదని అతడు చమత్కరించును. ఫలమును రుచిచూచినవాని ధీమా అది. ఈ యిరువురు ఒకరి కొకరు వ్యాఖ్యానములు.

యాంగ్ విషయము దీనికి విరుద్ధము. అతనియందు మాటకును చేతకును రవంతయు భేదములేదు. మనస్సును పదార్థమును గూర్చిన వ్యాసములలో అతడు దేహముయొక్క మోటుకోరికలను జయింపుమనియు, ఎరుకను శరీరమను 'నేను' దాటించి సమూహమునకు, మానవత్వమునకు వ్యాపింపజేయుమనియు బోధించును. భారతీయ పాఠకునికి ఈ మాట పరిచితమువలె తోచును, తలయూపబోవును. అంతలో, మృతదేహములను గూడ పదార్థముగ మార్చు పునర్వినియోగశాలను తొలిసారి నిర్మించినప్పుడు అతని మరియొక వాక్యము వినవచ్చును: ఆ తొట్టిలో దిగి ప్రజలందరితో ఏకమగుట ప్రతి పౌరుని కడపటి ధర్మమని. ఐక్యమను శబ్దము రెండుచోట్లను ఒకటే. మొదటిచోట దానికి తలయూపినవాడు రెండవచోట ఉలికిపడవలెను. బాధ నెరుగని శ్రామికులను జన్యుమార్పులచే పుట్టించి, దానిని పరిశ్రమకు తన కానుకగ చెప్పుకొన్నవాడును అతడే. యాంగ్‌యందు క్రూరత్వము కోపమునుండి పుట్టలేదు, తర్కమునుండి పుట్టినది. ప్రతినాయకులలో ఇట్టివారరుదు.

అయినను ఒక దోషమును చెప్పక తప్పదు. తూర్పుదేశపు నిరంకుశుడు, గుహలలో చీమలవలె బ్రదుకు ప్రజలు, ఇది పాశ్చాత్యుల వినోదసాహిత్యమున చిరకాలమునుండి నలిగిన మూస. చీనాదేశీయునికే ఆ పాత్ర నిచ్చుటలో రచయితల స్వతంత్రబుద్ధి కనబడదు. వణిక్పక్షమునకు ఆఫ్రికావానిని నాయకునిగ చేయుటలో వారు మూసను తప్పించుకొనిరి. సైనికపక్షమును స్త్రీ కప్పగించుటలోను తప్పించుకొనిరి. యాంగ్ విషయమున తప్పించుకొనలేదు. మాటలు బలముగ నుండుటచే పాత్ర బ్రదికినది కాని, ఎంపికయందలి దోషము మాసిపోలేదు.

మోర్గాన్, శాంటియాగో, డీడ్రాలను గూర్చి సంక్షేపముగ చెప్పినచాలును. మోర్గాన్ మాటలు చమత్కారముగలవి, కాని ఎదుగుదల లేనివి. మొదటి శకలమున నెట్లుండెనో కడపటిదానను అట్లే యుండును. శాంటియాగో గ్రంథము పేరునకు తగినట్లు యుద్ధశాస్త్రమే. డీడ్రా పక్షమునకు 'గయా సవతికుమార్తెలు' అని పేరు. గయా గ్రీకుల భూదేవి. ఆ కన్నతల్లిని చంపుకొని వచ్చినవారికి క్రొత్తగ్రహము కన్నతల్లి కాజాలదు, సవతితల్లియే. పేరు పెట్టిన నేర్పు పాత్ర యంతటను లేదని మా యభిప్రాయము.

ప్రవీణ్ లాల్ ఏడుగురిలో ఏకైక భారతీయుడు. అతనిని ఎవరును ద్వేషింపరు, ప్రేమించువారును తక్కువ. మంచివాడు, చప్పనివాడు అని తీర్పు చెప్పి వదలుట పరిపాటి. నియమములు కొంతవరకు ఈ తీర్పునకు సాక్ష్యమిచ్చుచున్నవి: ప్రతి 4గురు పౌరులకు ఒక ప్రతిభాశాలి, గ్రహమండలి యెన్నికలలో రెట్టింపు ఓట్లు, పరిపాలనాదక్షతలో ఒక మెట్టు నష్టము. కడపటిది కార్యాలయములలో కాగితములు కదలని తీరును చెప్పుచున్నది. ఈ నియమమును వ్రాసినవారు మన కచేరీలను చూచియుండనక్కరలేదు, ఐక్యరాజ్యసమితిని చూచినచాలును.

ఐక్యరాజ్యసమితికి భారతీయుని ప్రతినిధిగ ఎన్నుకొనుట యాదృచ్ఛికమైనను నిరాధారము కాదు. కొరియాయుద్ధానంతరము 1953లో యుద్ధఖైదీల తటస్థరాజ్యసంఘమునకు అధ్యక్షత వహించినవాడు తిమ్మయ్య. సూయెజు సంక్షోభమునందు 1956లోను, కాంగోలో 1960 తరువాతను భారతసైనికులు శాంతిరక్షకులుగ పనిచేసిరి. లాల్ గ్రంథము పేరు 1948 నాటి విశ్వజనీన మానవహక్కుల ప్రకటనకు ప్రతిధ్వని. ఆ ప్రకటన మొదటి యధికరణమున 'పురుషులందరు' అను అర్థము నిచ్చు మాటను తొలగించి 'మానవులందరు' అని యుండునట్లు పట్టుబట్టినది హంసా మెహతా. హక్కుల పత్రమున ఒక్క పదముకొరకు పోరాడిన భారతీయులు నిజముగ నుండిరి. లాల్ పాత్రను చప్పనిదని త్రోసివేయువారు ఈ పోరాటము ఎట్టిదో తలపవలెను.

లాల్ మాటలలో ప్రసిద్ధమైనది సమాచారస్వేచ్ఛను గూర్చినది. నీకు సమాచారమును అందనీయనివాడు తన మనస్సులో నీకు యజమానిగ నున్నట్లు కలగనుచున్నాడని దాని తాత్పర్యము. ఈ మాట క్రీడను దాటి లోకమున సంచరించుచున్నది. క్రీడను ఎన్నడును చూడనివారును దీనిని ఉదాహరింతురు. కాని పాత్రపోషణదృష్టితో మాకు ముఖ్యముగ తోచునది వేరొకటి. గ్రహమండలిలో ప్రవేశపెట్టదగిన తీర్మానములలో ఐక్యరాజ్యసమితి శాసనపత్రమును రద్దుచేయునది యొకటి కలదు. అది నెగ్గినచో విషవాయుప్రయోగము మొదలగు ఘోరకృత్యములకు విధింపబడు దండనము తొలగిపోవును. లాల్‌కు పోలీసురాజ్యము నిషిద్ధమని పైని చెప్పితిమి. కాని లాల్ పక్షమున ఆడువాడు ఈ తీర్మానమునకు తన ఓటును అనుకూలముగ వేయుటను ఏ నియమమును అడ్డదు. యాంగ్‌కు మూయబడిన ద్వారము ప్రజాప్రభుత్వము. అతడు దానివైపు చూడనైన చూడడు. లాల్ ద్వారము మాత్రము సగమే మూయబడినది. తాను నిలిపిన పత్రమును తానే చింపగల యధికారము అతనికి నీయబడినది. ప్రజలచే యెన్నుకొనబడు ప్రభుత్వములన్నింటియందును ఈ యపాయము కలదు. రచయితలు దీనిని తలచి చేసిరో లేదో గాని, చప్పనివాడనబడు లాల్ మాత్రమే క్రీడలో పతనము కాగల పాత్ర. తక్కినవారు పతనము చెందనక్కరలేదు. వారు మొదటినుండియు తాము కోరినచోటనే యున్నారు.

1999 అక్టోబరులో 'ఏలియన్ క్రాస్‌ఫైర్' అను అనుబంధము మరి యేడు పక్షములతో వెలువడినది. వీనికి ప్రధాన రూపకర్త తిమొతి ట్రెయిన్. సముద్రపు దొంగలు, యంత్రమానవులు, గ్రహపూజకులు, రెండు పరగ్రహజాతులు మొదలగునవి యిందున్నవి. వైచిత్ర్యము పెరిగినది, గాఢత తగ్గినది. ఒక్క డోమై పాత్ర మాత్రము చెప్పుకొనదగినది. మూలక్రీడలో అసంతుష్టశ్రామికులు 'డ్రోనులు' అను పేర స్థావరముల లెక్కలలో అంకెలుగ మాత్రము కనబడుదురు. వారిని పోలీసులచే అణచుటయో, వినోదములచే చల్లార్చుటయో నాయకుల పని. ఏడుగురు తాత్త్వికులును ఎన్నియో పుటలు వ్రాసిరి కాని ఈ యంకెలకు నోరు లేదు. డోమై ఆ డ్రోనుల నాయకుడు. పరిశ్రమలో 2 మెట్లు లాభము, పరిశోధనలో 2 మెట్లు నష్టము. మూలక్రీడయందలి మౌనమును అనుబంధము గుర్తించినదనుటకు ఇతడు నిదర్శనము.

ఇదే సంస్థ 2014 అక్టోబరులో 'సివిలిజేషన్: బియాండ్ ఎర్త్' అను క్రీడను ప్రకటించినది. ఇందును మానవులు భూమిని వీడి క్రొత్తగ్రహమును చేరుదురు. ఇందును నాయకులు కలరు, వారికి ముఖములు, స్వరములు, పూర్వవృత్తాంతములు కలవు. చిత్రకళ ఎంతో మెరుగుపడినది. భారతదేశమునకు సంబంధించిన నాయకురాలు కవితా ఠాకూరు. కాని పక్షములు దేశములనుబట్టి, ప్రాంతములనుబట్టి యేర్పడినవి. సామరస్యము, శుద్ధత, ఆధిపత్యము అను మూడు సిద్ధాంతమార్గములు వేరుగ నున్నవి. వానిలో ఏ మార్గమునైనను ఏ నాయకుడైనను పట్టవచ్చును. కవితా ఠాకూరు ఒక యాటలో మానవశరీరమును యంత్రముగ మార్చు మార్గమును, మరియొక యాటలో దానిని మార్పులేక కాపాడు మార్గమును అవలంబింపగలదు. ఆమెకు నిషిద్ధమైనది ఏదియు లేదు. మిరియంను ఏవగించువారును ఇరువదియైదేండ్ల పిమ్మట ఆమె మాటలను జ్ఞప్తియందుంచుకొనిరి. కవితా ఠాకూరు చెప్పిన మాట యొకటి చెప్పుమనిన ఆ క్రీడ నాడినవారే తడుముకొందురు.